ఇంకా రాని జబ్బు

మా ఆయనకు ఆఫీసులో ఒక గోడ గడియారం బహుమతిగా ఇచ్చారు. ఎందుకో వింటే మీరు నమ్మరు. ఒక్క వాక్యం రాసినందుకు.

ఆయన పనిచేసేది ఆరోగ్య బీమా కంపెనీలో. జనం పెట్టుకునే దరఖాస్తుల్లో వేటిని ఒప్పుకోవాలో, వేటిని వెనక్కి పంపాలో తేల్చే విభాగం ఆయనది. వెనక్కి పంపేటప్పుడు ఒక్కొక్కరు ఒక్కోలా రాస్తుంటే తిట్లూ కోర్టు నోటీసులూ వచ్చి పడుతున్నాయట. ఎవరికీ కోపం రాకూడదు, ఎవరూ ఎదురు మాట్లాడకూడదు, అందరికీ ఒకటే సరిపోవాలి, అలాంటి వాక్యం కావాలని పైవాళ్ళు అడిగారు. ఈయన ఆదివారమంతా కూర్చుని రాశారు. "ఇంకా రాని జబ్బుకు చేసే వైద్యం మా బాధ్యత పరిధిలోకి రానందుకు చింతిస్తున్నాము." అంతే. ఆ చింతిస్తున్నాము దగ్గర పైవాళ్ళు కరిగిపోయారట. గడియారం మా హాల్లో సోఫాకు ఎదురుగా వేలాడుతోంది. ఎప్పుడూ కాస్త వెనకే నడుస్తుంది.

ఆఫీసులో ఆయన్ని షరతుల సార్ అంటారు. ఇంట్లో నేనూ అదే అంటాను, కాకపోతే నేను అనేటప్పుడు ఆ సార్ కాస్త సాగుతుంది. మంచి మనిషి. నోట్లో నాలుక లేదు, మనసులో కల్మషం లేదు. ఆయనతో చిక్కల్లా ఒకటే, అచ్చులో ఉన్నదాన్ని కాదనలేరు. బస్సులో సీటు మీద 'వృద్ధులకు మాత్రమే' అని ఉంటే, బస్సంతా ఖాళీగా ఉన్నా నిలబడే ప్రయాణం చేస్తారు.

నా సంగతి వేరు. నాకు ముక్కు మీదే కోపం. నేను కారు నడపడం నేర్పుతాను. నేర్చుకునేవాళ్ళ పక్క సీట్లో కూర్చుంటాను, నా కాలి కింద ఇంకో బ్రేకు ఉంటుంది. నా ఉద్యోగమంతా ఆ రెండో బ్రేకు మీదే నడుస్తోంది. గుద్దుకోబోయే ముందు తొక్కాలి. గుద్దుకున్నాక ఎంత గట్టిగా తొక్కినా జీతం ఇవ్వరు. ఈ చిన్న ముక్క మా ఆయన కంపెనీకి చెప్పబోయేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

మాకు ఇద్దరు పిల్లలు. పెద్దది బడికి వెళ్తోంది. ఒక్క చోట కుదురుగా ఉండదు కాబట్టి దాన్ని పిచ్చుక అంటాం. అది ఇంకా మాటలు నేర్చుకుంటున్న రోజుల్లో పక్కింటి పాప పుట్టినరోజుకు మా అత్తగారి చంకనెక్కి వెళ్ళింది. అక్కడ ఎవరో చేతిలో బిస్కెట్టు పెట్టారు. అందులో వేరుశనగ ఉంది. సగం తిందో లేదో పెదాలు ఉబ్బాయి, కళ్ళు మూసుకుపోయాయి, ఊపిరి తీస్తుంటే ఈల శబ్దం వచ్చింది. అత్తగారు దాన్ని ఎత్తుకుని చెప్పుల్లేకుండా రోడ్డు మీద పరుగెత్తారు. ఆవిడ అరికాళ్ళు తెగి రక్తం కారిన సంగతి మర్నాటిదాకా ఆవిడకే తెలియలేదు.

అప్పుడు చూడాలి మా ఆయన కంపెనీ ఔదార్యం. అంబులెన్సు వాళ్ళదే, ఐసీయూ వాళ్ళదే, మందులు వాళ్ళవే. ఒక్క ప్రశ్న అడిగితే ఒట్టు. పైగా 'త్వరగా కోలుకోండి' అనే చీటీతో పూలగుత్తి పంపారు. ఊపిరాడనప్పుడు పొడవాల్సిన ఇంజెక్షను పెన్నులు ఇప్పటికీ వాళ్ళే ఇస్తున్నారు. అవి పిచ్చుక నడుముకు కట్టిన చిన్న సంచీలో ఉంటాయి. బడిలో అది ఒక్కతే వేరే బల్ల దగ్గర కూర్చుని తింటుంది. పుట్టినరోజులకు పిలవరు, పిలిచినా పంపం. మా ఇంట్లోకి వేరుశనగ గింజ రాదు. ఎంత పెద్దమనిషి వచ్చినా గుమ్మంలో చేతులు కడుక్కున్నాకే లోపలికి. అత్తగారు పక్కనే నిలబడి సబ్బు అందిస్తారు. ఒకసారి ఇంటి ఓనరు అద్దె పెంచుతానని చెప్పడానికి వస్తే, ఆయనకు రెండుసార్లు సబ్బు ఇచ్చారు.

తర్వాత బుడ్డోడు పుట్టాడు. నాలుగో నెల వచ్చీ రాకుండానే వాడి బుగ్గలు, మోచేతుల మడతలు ఎర్రగా పగిలి నీరు కారడం మొదలైంది. ఎగ్జిమా అన్నారు పిల్లల డాక్టరు. మెత్తగా మాట్లాడే మనిషి, కళ్ళద్దాలు తుడుచుకుంటూ మాట్లాడతారు. 

"ఇలాంటి చర్మం ఉండి, అక్కకు కూడా అలర్జీ ఉంటే, వీడికి వేరుశనగ పడకుండా పోయే అవకాశం బాగా ఎక్కువమ్మా," అన్నారు. "కానీ ఇది ఆపొచ్చు. ఇప్పటినుంచే కొంచెం కొంచెంగా తినిపిస్తూ ఉంటే ఒంటికి అది తిండేనని అలవాటవుతుంది. పెద్దయ్యాక చూద్దాంలే అంటే మాత్రం మన చేతుల్లో ఉండదు."

వాడి చేతి మీద వేరుశనగ రసం చుక్క వేసి సూదితో గీరి చూశారు. చిన్న దద్దురు లేచింది. నేను వాడి చెయ్యి వెనక్కి లాక్కున్నాను. ఆయన మాత్రం తేలిగ్గా ఊపిరి తీసుకున్నారు. 

"చిన్నదే. అంటే ఇంకా టైముంది. ఏడాది నిండేలోగా మొదలుపెట్టాలి. కాకపోతే దద్దురు లేచింది కాబట్టి మొదటిసారి ఇంట్లో పెట్టొద్దు. ఆస్పత్రిలో పరిశీలన గది ఉంది, అక్కడ నా కళ్ళముందు పెడదాం. బీమా వాళ్ళ అనుమతి తెచ్చుకోండి."

బీమా వాళ్ళా, మా ఇంట్లోనే ఉన్నారు కదా అనుకున్నాను. ఎంత అమాయకురాలినో చూడండి.

ఆ సాయంత్రం మా ఆయన దరఖాస్తు ముందేసుకుని కూర్చున్నారు. జబ్బు పేరు రాయాల్సిన గడి దగ్గర పెన్ను ఆగింది.

"ఎగ్జిమా అని రాయండి," అన్నాను.

"వేరుశనగ ఎగ్జిమాకు మందు కాదు కదా."

"పోనీ వేరుశనగ అలర్జీ అని రాయండి."

"అది లేదుగా. లేకుండా ఉండడానికే కదా మనం అడుగుతున్నది."

ఆ గడిలో ముత్యాల్లాంటి అక్షరాలతో 'లేదు' అని రాశారు. జబ్బు లేదని రాసిచ్చి బీమా అడిగిన మొదటి మానవుడు బహుశా మా ఆయనే అయి ఉంటారు. నేను నెత్తి కొట్టుకుంటుంటే, నిజం రాస్తే భయపడాల్సిన పనేముందని నాకు నచ్చజెప్పారు.

సొంత ఇంటి దరఖాస్తును సొంత ఉద్యోగి చూడకూడదని వాళ్ళ ఆఫీసులో నియమం. కాబట్టి అది ఎదురు బల్ల ఆయన దగ్గరికి వెళ్ళింది. మధ్యాహ్నం ఇద్దరూ ఒకే బల్ల మీద డబ్బాలు విప్పుకుని తింటారు, ఒకరి కూర ఒకరు రుచి చూస్తారు. కానీ జవాబు చేతికివ్వడానికి లేదు, తపాలాలోనే రావాలి. వచ్చింది. మా ఆయన కవరు చింపి, సోఫాలో కూర్చుని చదివారు. చదువుతుంటే ముఖం మీదికి చిన్న నవ్వొచ్చింది.

"ఒక్క అక్షరం మార్చకుండా పెట్టాడు," అన్నారు సంతోషంగా.

ఆయనే మళ్ళీ మొదటి నుంచి చదువుకున్నారు. పైన బుడ్డోడి పేరు ఉంది, కింద ఆయన వాక్యం ఉంది. నవ్వు మెల్లగా వెళ్ళిపోయింది. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, బుడ్డోడికి లేపనం రాసే వేళయిందని లేచి వెళ్ళారు.

రెండోసారి నేనే దగ్గర కూర్చుని 'అలర్జీ ఉందేమోనని అనుమానం' అని రాయించాను. అనుమానం అన్న మాట కింద ఆయన రెండుసార్లు గీత గీశారు. జవాబు ఈసారి ఇంకా త్వరగా వచ్చింది. అలర్జీ ఉందన్న అనుమానం ఉన్న శిశువుకు వేరుశనగ తినిపించడం ప్రమాదకరం కాబట్టి అనుమతించలేమట. లేకపోతే వైద్యం అక్కర్లేదు, ఉంటే వైద్యం కూడదు. ఇంత చక్కగా రెండు వైపులా తలుపులు మూసే తెలివి మామూలు మనుషులకు ఉండదు.

ఇక లాభం లేదని ఫోన్ అందుకున్నాను. నా దగ్గర అప్పుడు ఒక రిటైర్డు జడ్జిగారు కారు నేర్చుకుంటున్నారు. ఆయన నడుపుతున్నారు, నేను ఫోన్లో ఉన్నాను. అవతల ఒక అమ్మాయి గొంతు, తేనె పూసినట్టుంది.

"మా బాబుకి వేరుశనగ అలర్జీ రాకుండా చూడాలమ్మా," అన్నాను.

"అలర్జీ ఎప్పటినుంచి ఉంది మేడమ్?"

"లేదు. రాకుండా చూడాలంటున్నాను."

"వచ్చాక ఫోన్ చేయండి మేడమ్. వెంటనే నమోదు చేస్తాను. అప్పుడు మీకు అన్నీ వర్తిస్తాయి."

"వచ్చాక, రాకుండా ఎలా చూస్తారమ్మా?"

"ఒక్క నిమిషం లైన్లో ఉండండి మేడమ్."

సంగీతం మొదలైంది. ఆ సంగీతం వింటూ మేము చౌరస్తా దాటాం, పెట్రోలు బంకు దాటాం, జడ్జిగారు రెండుసార్లు తప్పు సందులోకి తిప్పారు. అప్పుడు అమ్మాయి తిరిగొచ్చింది. గొంతులో పండగ.

"శుభవార్త మేడమ్. మా నివారణ పథకంలో మీ బాబుకి అర్హత ఉంది."

నాకు ప్రాణం లేచొచ్చింది. "చెప్పమ్మా, చెప్పు."

"సిగరెట్టు మాన్పించే సలహాలు ఏడాదంతా ఉచితం. రోజూ నడిచేవాళ్ళకి అడుగులు లెక్కపెట్టే పట్టీ కూడా ఇస్తున్నాం."

"వాడింకా పాకుతున్నాడమ్మా."

"నడక వచ్చాక వాడుకోవచ్చు మేడమ్. మీకు ఇంకేమైనా సాయం చేయగలనా?"

ఇంకేం సాయం చేస్తుంది తల్లి, ఉన్నది చాలదూ. ఫోన్ పెట్టేశాను. జడ్జిగారు రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండా అన్నారు, "నా సర్వీసంతా నేరం జరిగాకే మనుషులు నా ముందుకొచ్చారమ్మా. జరగకముందు ఒక్కరూ రాలేదు. వీళ్ళు నాకంటే కచ్చితంగా ఉన్నారు."

"ఎర్ర లైటు సార్," అని నా బ్రేకు తొక్కాను.

పోనీ మన డబ్బే కట్టుకుందాం, చేతి గాజులు ఉన్నాయి కదా అని ఆస్పత్రికి వెళ్ళాను. పరిశీలన గది తలుపు బార్లా తీసి ఉంది. లోపల ఏనుగు బొమ్మల దుప్పటి పరిచిన మంచం, ఆక్సిజను సిలిండరు, ఖాళీ కుర్చీ. కాకి కూడా లేదు. బల్ల వెనక కూర్చున్న ఆవిడ నా కార్డు చూసి పెదవి విరిచింది.

"అనుమతి నంబరు లేకుండా కంప్యూటరు పేరు తీసుకోదు మేడమ్."

"అనుమతి అక్కర్లేదు. మేమే కట్టుకుంటాం."

"మీకు బీమా ఉందిగా. ఉన్నవాళ్ళ దగ్గర మేము నేరుగా తీసుకోకూడదు, ఒప్పందం. లేనివాళ్ళయితే తీసుకుంటాం."

"అయితే బీమా మానేస్తాం."

"మానేసినా కంప్యూటరు దాన్ని వచ్చే ఏడాది నుంచే లెక్కలోకి తీసుకుంటుంది మేడమ్."

వచ్చే ఏడాదికి ఏం మిగులుతుంది? పైగా బీమా మానేస్తే పిచ్చుక పెన్నులు ఆగిపోతాయి. ఒక బిడ్డను కాపాడుకోవాలంటే ఇంకో బిడ్డ ఊపిరి అక్కడ బల్ల మీద పెట్టి రావాలి. ఆవిడను తిట్టడానికి నోరు తెరిచాను, కానీ ఆవిడ నా వైపు అంత జాలిగా చూస్తుంటే ఏం తిట్టను. ఏనుగు దుప్పటి వైపు ఒకసారి చూసి వచ్చేశాను.

బుడ్డోడు పాకడం మాని సోఫా పట్టుకుని నిలబడుతున్నాడు. డాక్టరు దగ్గరికి లేపనం కోసం వెళ్ళినప్పుడల్లా ఆయన కళ్ళద్దాలు తుడుచుకుంటూ, "ఇంకా నంబరు రాలేదా?" అంటున్నారు. ఏడాది దగ్గరపడుతోందని ఆయన చెప్పనక్కర్లేదు, నాకు నిద్ర పట్టకపోవడమే చెబుతోంది. వాడు నిద్రలో కాస్త గట్టిగా ఊపిరి పీల్చినా లేచి కూర్చుంటున్నాను.

ఒకరోజు పొద్దున టిఫిను బల్ల దగ్గర నా ఒళ్ళు మండింది. కారణం ఏమీ లేదు, మా ఆయన నీళ్ళు అడిగారు.

"బుడ్డోడికి ఊపిరి ఆగితే మీ కంపెనీ పూలు పంపుతుంది కదా," అన్నాను. "ఆ పూలు ఎక్కడ పెట్టాలో ఇప్పుడే చెప్పండి. జాగా ఖాళీ చేసి ఉంచుతాను. మీరు రాసిన వాక్యం ఎంతమంది ఇళ్ళకు వెళ్ళిందో నాకు తెలియదు. మన ఇంటికీ వచ్చింది. చాలా బాగుంది. ఎక్కడా తప్పు లేదు. నా కొడుకు మెడకు సరిగ్గా సరిపోయింది."

ఆయన చెంచా కింద పెట్టారు. అత్తగారు వంటగదిలో గిన్నెల చప్పుడు ఆపేశారు. నాకు ఏడుపొచ్చి, దాన్ని కోపం కింద మార్చుకుని, కారు తాళాలు తీసుకుని బయటికి పోయాను. ఆరోజు నా దగ్గర నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళ పాపం ఏమని చెప్పను.

మధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి మా ఆయన ఆఫీసుకు వెళ్ళకుండా ఇంట్లోనే ఉన్నారు. పెళ్ళయ్యాక ఇలా సెలవు పెట్టడం చూడలేదు. బల్ల మీద పాలసీ పుస్తకం, చుట్టూ చల్లారిపోయిన కాఫీ కప్పులు. తల ఎత్తకుండానే అన్నారు, "అత్యవసర విభాగానికి వెళ్ళడానికి ముందస్తు అనుమతి అక్కర్లేదు."

"అత్యవసరం జరగాలిగా."

"చికిత్స మొదలుపెట్టడానికి జరగాలి. వెళ్ళడానికి జరగాలని ఎక్కడా లేదు. ఆ హాల్లో కుర్చీలో కూర్చోవడం మీద షరతు ఏదీ లేదు. కూర్చుని ఏం తినిపించాలన్నదాని మీదా లేదు. ఏమైనా జరిగితే అక్కడి నుంచి మొత్తం కంపెనీదే, రూపాయి మనం కట్టక్కర్లేదు. మొత్తం చదివాను." గొంతు సవరించుకున్నారు. "చిన్న అక్షరాలు కూడా."

షరతు అనే మాట మీద నాకు ప్రేమ పుట్టడం అదే మొదటిసారి. ఆయన నెత్తి మీద చెయ్యి వేసి జుట్టు చెరిపాను. పొద్దున అన్నదానికి క్షమించమని అడగలేదు, ఆయనా అడిగించుకోలేదు.

డాక్టరుకు చెబితే ఆయన గోడ మీది క్యాలెండరు వైపు చూస్తూ మాట్లాడారు. "అలా చేయమని నేను చెప్పకూడదు. చెప్పడం లేదు కూడా." కళ్ళద్దాలు తుడుచుకున్నారు. "శనివారం పొద్దున అత్యవసర విభాగంలో నాదే డ్యూటీ. టీ నేను ఆ హాల్లోనే తాగుతాను. చాలాసేపు తాగుతాను." ఆ తర్వాత, పుస్తకాల్లో ఉన్న సంగతే అంటూ, మెత్తగా నూరిన వేరుశనగ ముద్దను గోరువెచ్చని నీళ్ళలో ఎంత పల్చగా కలపాలో, ముందు చెంచా కొనతో ఎంత నాకించాలో, ఎంతసేపు ఆగి మిగతాది పెట్టాలో, పెట్టాక ఎంతసేపు కదలకుండా కూర్చోవాలో, మధ్యలో ఏం కనబడితే తనను కేకేయాలో వివరంగా చెప్పారు.

వేరుశనగ ముద్ద సీసా మా ఇంట్లోకి తేవడానికి లేదు. కాబట్టి అది శనివారం దాకా మా ఆయన ఆఫీసు సొరుగులో, తిరస్కరించిన దరఖాస్తుల పక్కనే ఉంది.

అసలు గొడవ అత్తగారితో. ఆవిడ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు బుడ్డోడి చొక్కాలు మడతపెడుతూ అన్నారు, "నా చంకలో ఒకత్తి నీలంగా మారిపోయింది. ఇప్పుడు రెండోవాడికి మీరే తినిపిస్తారా, చేతులారా?"

ఆవిడ మీద నాకు చాలాసార్లు కోపం వచ్చింది, నిజం చెప్పాలంటే వారానికోసారైనా వస్తుంది. ఆ మాటకు మాత్రం రాలేదు. పక్కన కూర్చుని ఒక చొక్కా నేనూ మడతపెట్టాను.

"ఆవేళ మనకెవరికీ తెలియదు అత్తయ్యా. ఇప్పుడు తెలిసింది కదా. తెలిసీ ఊరుకుంటే, ఆ తర్వాత నేను మీ ముఖం చూడలేను, మీరు నా ముఖం చూడలేరు."

ఆవిడ నేను మడిచిన చొక్కా విప్పి, తన పద్ధతిలో మళ్ళీ మడిచారు. "నేను లోపలికి రాను," అన్నారు చివరికి. "పిల్లను పట్టుకుని బయట కూర్చుంటాను. దాని దగ్గర ఆ పాడు సీసా తెరవడానికి వీల్లేదు."

శనివారం వెళ్ళాం. అత్యవసర విభాగం హాల్లో ఇనప కుర్చీలు, ఫినాయిలు వాసన, చెయ్యి విరిగిన ఒక కుర్రవాడు, కడుపు పట్టుకున్న ఒక ముసలాయన. అత్తగారు, పిచ్చుక గాజు తలుపు అవతల వరండాలో బెంచీ మీద కూర్చున్నారు. బల్ల దగ్గర నర్సు కలం తీసింది.

"పేషెంటు ఎవరు?"

"బాబు," అన్నారు మా ఆయన.

"ఏమైంది?"

నేను ఏదో ఒకటి కల్పించబోయాను. దగ్గో, జ్వరమో. మా ఆయన ఉండగా అబద్ధం ఎలా కుదురుతుంది?

"ఇంకా ఏమీ కాలేదు," అన్నారు.

"మరి ఎందుకొచ్చారు?"

"ఏమైనా అయితే చెబుతాం."

నర్సు కలం కింద పెట్టి మమ్మల్ని ఎగాదిగా చూసింది. మూల కుర్చీలో డాక్టరు టీ కప్పుతో కూర్చుని దినపత్రిక చదువుతున్నారు, తలకిందులుగా పట్టుకున్నారేమోనని నాకు అనుమానం. "కూర్చోనీ సిస్టర్," అన్నారు పత్రిక వెనక నుంచి. నర్సు భుజాలెగరేసింది.

మా ఆయన సీసా మూత తీశారు. నేను కలిపాను. చెంచా కొనతో బుడ్డోడి నాలుకకు తాకించాను. వాడు చప్పరించాడు, నా ముఖంలోకి చూశాడు, చెంచా కోసం రెండు చేతులూ చాపాడు. ఆగమన్నారు కదా, ఆగాం. నా జీవితంలో ఎంతమంది చేతకానివాళ్ళ పక్కన కూర్చుని ఎన్ని లారీల ముందు నుంచి తప్పించుకున్నానో లెక్కలేదు. అప్పుడల్లా నా కాలి కింద బ్రేకు ఉంది. ఇక్కడ లేదు. తొక్కడానికి ఏమీ లేక నేలను తొక్కుతూ కూర్చున్నాను.

మిగతాది కూడా పెట్టాను. వాడు గిన్నె గీరి గీరి తిన్నాడు. కాసేపటికి వాడి గడ్డం మీద ఎర్రటి మచ్చ కనబడింది. మా ఆయన మోచెయ్యి పట్టుకుని గిల్లాను. డాక్టరు అప్పటికే మా ముందు ఉన్నారు. పత్రిక ఎప్పుడు పడేశారో, టీ కప్పు ఎక్కడ పెట్టారో తెలియదు. మచ్చను వేలితో నొక్కారు, చొక్కా ఎత్తి పొట్ట చూశారు, వీపు చూశారు, గుండె మీద గొట్టం పెట్టి విన్నారు.

"ముద్ద అంటుకుని తుడిచిన చోట ఎర్రబడింది. అంతే," అన్నారు. "చూద్దాం."

చూశాం. చెయ్యి విరిగిన కుర్రవాడు కట్టు కట్టించుకుని వెళ్ళిపోయాడు. ముసలాయనను లోపలికి తీసుకెళ్ళారు. గడ్డం మీది ఎరుపు పోయింది. బుడ్డోడు మా ఆయన జేబులోంచి పెన్ను లాగి, నోట్లో పెట్టుకోబోయి, మేం లాక్కుంటే కోపం తెచ్చుకుని, ఆయన భుజం మీదే నిద్రపోయాడు. ఆయన కదలకుండా కూర్చున్నారు. ఆయన చొక్కా మీద చొల్లు మరక పెద్దదవుతుంటే చూస్తూ నేనూ కదల్లేదు.

డాక్టరు చివరిసారి వాడి ఊపిరి విని, గొట్టం మెడలో వేసుకున్నారు. "ఇక వారంలో కొన్నిసార్లు పెడుతూ ఉండాలి, మానకూడదు," అన్నారు. ఇంట్లో కుదరదు కాబట్టి నా డ్రైవింగ్ స్కూలు కారులో పెడతానన్నాను. ఆయన నవ్వారు. నర్సు వచ్చి, ఏమని రాయమంటారని అడిగింది. మా ఆయన నోరు తెరిచి, ఏ వాక్యమూ దొరక్క మూసుకున్నారు. ఏమీ జరగలేదు కాబట్టి కంపెనీ ఇవ్వాల్సింది ఏమీ లేదు, మేము అడగాల్సిందీ లేదు. పూలు కూడా రావు.

చేతులు సబ్బుతో కడుక్కున్నాం. బుడ్డోడి ముఖం కడిగి, చొక్కా మార్చి, పాతదాన్ని సంచీలో మూట కట్టాం. మా ఆయన కూడా చొక్కా మార్చుకున్నారు. అప్పుడు గాజు తలుపు తోసుకుని వరండాలోకి వెళ్ళాం. అత్తగారు లేచి నిలబడ్డారు, నా ముఖం చూసి, మళ్ళీ కూలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

పిచ్చుక ఎగిరి దూకలేదు. తనే రెండడుగులు వెనక్కి జరిగి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది.

"చేతులు కడుక్కున్నారా?" అంది.

"కడుక్కున్నాం. రా."

మెల్లగా దగ్గరికొచ్చి తమ్ముడి ముఖం కింది నుంచి పైకి చూసింది. పెదాలు చూసింది, కనురెప్పలు చూసింది.

"తిన్నాడా?"

"మొత్తం తిన్నాడు."

"ఏమైంది?"

"ఏమీ కాలేదు."

అది ఆలోచించింది. వాడి వేళ్ళు ఒక్కొక్కటీ తడిమింది, ఎక్కడైనా ఉబ్బిందేమోనన్నట్టు.

"ఏమీ కాకపోతే ఎలా ఉంటుందమ్మా?" అంది.

మా ఆయన వైపు చూశాను. ఆయన నేల వైపు చూస్తున్నారు, పెదవి కొరుక్కుంటున్నారు. అత్తగారు ముఖం అటు తిప్పేసుకున్నారు.

"ఏముంటుందే," అన్నాను చివరికి. "తిన్నాడు. నవ్వాడు. నిద్రొచ్చింది, పడుకున్నాడు."

"అంతేనా?"

"అంతే," అన్నాను.